గడ్డి చుట్టల కోసం తీసుకున్న 12 అడుగుల ట్రాక్టర్ ట్రక్కు: రెండు సీజన్లు వాడాక నా అభిప్రాయం

మాది తెనాలి దగ్గర డెల్టా పల్లె. ఐదెకరాల వరి, 12 గేదెలు. ఏడాది పొడవునా మా ఇంట్లో నడిచే లెక్క ఒక్కటే, వాములో గడ్డి ఎంత ఉంది, వచ్చే కోతల దాకా సరిపోతుందా లేదా అని. గేదెకి రోజుకి 6 కిలోల ఎండుగడ్డి అనుకున్నా 12 గేదెలకి 72 కిలోలు, అంటే మిషన్ కట్టిన చుట్టలు రోజుకి నాలుగు. ఏడాదికి 1,460 చుట్టలు. మా పొలంలో ఎకరానికి 50 చుట్టల దాకా పడతాయి కాబట్టి సొంత గడ్డి ఏ మూలకీ చాలదు, చుట్టుపక్కల రైతుల పొలాల్లో మిషన్ కోత అయ్యాక వాళ్లతో మాట్లాడుకుని గడ్డి చుట్టించుకుని తెచ్చుకుంటాం. ఇంత గడ్డి మోసే పని ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. రెండు మూడు పాడి పశువులున్నవాళ్లకి మామూలు ట్రక్కే చాలు, దీని మీద డబ్బు పెట్టక్కర్లేదు.

ముందు ఒక మాట. యూట్యూబులో కనిపించే విదేశాల గడ్డి చుట్టలు మనిషి ఎత్తుంటాయి, ఒక్కోటి వందల కిలోలు, ట్రాక్టర్‌కి ముందు ఇనప కొమ్ములు తగిలించి ఎత్తుతారు. ఆ వీడియోలు చూసి వాటి ట్రెయిలర్ల డిజైన్ మన ఊళ్లో చేయించుకుంటే ఉపయోగం లేదు. మన దగ్గర 35, 45 హెచ్‌పీ ట్రాక్టర్ల వెనక నడిచే చిన్న బేలర్ కట్టే చుట్ట సుమారు 2 అడుగుల మందం, 3 అడుగుల పొడవు ఉంటుంది. బాగా ఎండిన గడ్డి అయితే 18 కిలోలు తూగుతుంది, మంచు తడి ఉంటే 25 దాటుతుంది. ఇద్దరు మనుషులు చేత్తో ఎత్తి వేసే వస్తువు ఇది. అందుకని మనకి కావలసిన ట్రక్కు వేరు.

నాకు ఈ అవసరం గట్టిగా తెలిసింది 2023 డిసెంబరులో. మిచౌంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది, కోతకొచ్చిన వరి మా కళ్ల ముందే నీళ్లలో పడుకుంది. గింజ సంగతి అందరూ మాట్లాడారు గానీ గడ్డి సంగతి పశువులున్నవాళ్లకే తెలుసు. నల్లబడి, బూజు పట్టి, చేత్తో పట్టుకుంటే ముక్కిన వాసన. అలాంటి గడ్డి మేస్తే గేదెలకి తోకలు, చెవులు, కాళ్లు కుళ్లే జబ్బు వస్తుంది, అందుకని పొలంలో ఉన్నది వదిలేసి దూరం నుంచి కొనుక్కొచ్చాం. అప్పుడున్నది పాత 10 అడుగుల ట్రక్కు. మూడు వరసలకి మించి ఎత్తు వేస్తే జారేవి. ట్రిప్పుకి 28 చుట్టలు. 40 కిలోమీటర్లు వెళ్లి 28 చుట్టలు తేవడం, అంటే సుమారు 500 కిలోలు! డీజిలు ఖర్చు చూస్తే గడ్డి ఖరీదు కంటే మోత ఖరీదు ఎక్కువైంది. ఆ నెలలోనే మా ఆవిడ, "ఈసారి కోతలకి పెద్ద ట్రక్కు తీసుకుందాం, నగలేమీ వద్దు" అంది. అలా మొదలైంది.

కొనడానికి వెళ్తే ఎక్కడైనా ముందు చెప్పేది టన్నుల లెక్క. నాలుగు టన్నులు, ఐదు టన్నులు, ఇంత మందం రేకు, ఇంత సైజు చానల్. వడ్లో ఇసకో ఇటుకో మోసేవాళ్లకి ఆ లెక్క కావాలి. గడ్డికి అది పనికి రాదు. నేను ఇప్పుడు నిండుగా వేసే లోడు 56 చుట్టలు, చుట్టకి 18 కిలోల చొప్పున వెయ్యి కిలోల పైచిలుకు, అంతే. నాలుగు టన్నుల ట్రక్కులో పావు వంతు బరువుకే చోటు అయిపోతుంది. అందుకే గడ్డికి చూడాల్సింది పళ్లెం, అంటే లోడు వేసే అడుగు భాగం, పొడవు, వెడల్పు, ముందూ వెనకా ఆపు. ఈ మూడు కుదిరితే మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

వెడల్పు 6 అడుగులకి ఒకటి రెండు అంగుళాలు ఎక్కువే ఉండాలి, లోపలి కొలత. ఎందుకంటే చుట్టని ట్రక్కుకి అడ్డంగా పడుకోబెట్టాలి, 3 అడుగుల చుట్టలు రెండు పక్కపక్కన కలిపితే 6 అడుగులు. సరిగ్గా 6 ఉన్న ట్రక్కులో చుట్ట చివర గడ్డి డోరుకి రాసుకుని లోపలికి దిగదు, తన్ని దింపాల్సి వస్తుంది, ఆ తన్నుడికి దారం తెగిపోతుంది. ఇక పొడవు: 12 అడుగుల పళ్లెంలో కింద వరస ఆరు జతలు, అంటే 12 చుట్టలు. దాని మీద వరస గుంటల్లో కూర్చోవాలి కాబట్టి ఐదు జతలు, 10. మళ్లీ 12, మళ్లీ 10. నాలుగు వరసలకి 44, ఐదో వరస కూడా వేస్తే 56. పాత ట్రక్కు మీద 1,460 చుట్టలకి 52 ట్రిప్పులు తిరిగిన నేను ఇప్పుడు ఐదు వరసలతో 26, 27 ట్రిప్పుల్లో, నాలుగు వరసలతో 33, 34 ట్రిప్పుల్లో ముగిస్తున్నాను. రోజుకి నాలుగు ట్రిప్పులే పడతాయి మాకు, ఎక్కించడానికి గంట దాకా పడుతుంది, దింపడానికి అరగంట, దారి 6 కిలోమీటర్లు. అంటే ఐదారు రోజులు మిగిలినట్టు. కోతలయ్యాక జీరో టిల్లేజ్ (దున్నకుండా వేసే) మొక్కజొన్న పెట్టే రైతు "గడ్డి ఎప్పుడు తీస్తావు బాబాయ్" అని రోజూ ఫోన్ చేస్తుంటాడు, ఆ టెన్షన్ పడ్డవాళ్లకి ఐదు రోజుల విలువ తెలుస్తుంది.

చుట్టల్ని అడ్డంగా ఎందుకు వేయాలో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది నిలువుగా వేస్తున్నారు, చూసిన ప్రతిసారీ నాకు భయమేస్తుంది. చుట్ట గుండ్రంగా ఉంది, దొర్లుతుంది. ట్రక్కు పొడవునా నిలువుగా పడుకోబెడితే అది దొర్లేది పక్కకి. మలుపు తిరిగినా, ఒక చక్రం గుంటలో దిగినా, పై వరస మొత్తం రోడ్డు మీద పడుతుంది, ఆ పక్కన బండి మీద వెళ్లే మనిషి మీద పడుతుంది. అడ్డంగా వేస్తే దొర్లే దారి ముందుకీ వెనక్కీ మాత్రమే, అక్కడ మనం ఆపు పెట్టుకోవచ్చు. మా దాంట్లో ముందూ వెనకా 6 అడుగుల ఎత్తు ఇనప నిచ్చెనలు నిలబెట్టాం, పైపులతో చేసినవి, పళ్లెం మూలల్లో ఉన్న గొట్టాల్లోకి దిగి పిన్నుతో బిగుస్తాయి. పక్కలకి మామూలు డోర్లే, ఎత్తు పెంచలేదు, అవసరం రాలేదు. వడ్లు తోలేటప్పుడు నిచ్చెనలు తీసి గొడ్ల పాకలో పెడతాం.

ఈ నిచ్చెనలు తీసి పెట్టేలా ఉండాలన్నది ముఖ్యం. ట్రక్కుకి ట్రాక్టర్‌తో సంబంధం లేకుండా విడిగా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, ఆ కాగితాల్లో ఉన్న కొలతలు మార్చి బాడీ పెంచి వెల్డింగు చేయిస్తే చట్టం ఒప్పుకోదు. లోడు పక్కలకి గానీ వెనక్కి గానీ ఎత్తులో గానీ హద్దు దాటి బయటికి వస్తే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 20,000 రూపాయల జరిమానా ఉంది, లోడు దింపే ఖర్చు కూడా మనదే. మన పల్లె రోడ్ల మీద ఎవరు చూస్తారులే అనుకోవద్దు, హైవే ఒక్క కిలోమీటరు దాటాల్సి వచ్చినా చూస్తారు. కాగితాలు ఇవ్వని షెడ్డులో పాతికవేలు తక్కువకి వస్తుందని కొనకండి, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

మాకు ట్రక్కు, నిచ్చెనలు కలిపి 2,35,000 అయింది. అందులో నిచ్చెనలకి 28,000. రెండు చక్రాల జాకీ ట్రక్కు (పళ్లెం ఎత్తి లోడు గుమ్మరించేది), 9.00-16 టైర్లు. నాలుగు చక్రాలది కూడా చూశాను, ఒక స్నేహితుడిది తెచ్చి రెండు రోజులు తోలాను. రోడ్డు మీద అది బాగా నిలకడగా ఉంది, ఊగదు, హుక్కు మీద బరువు పడదు. కానీ డొంకలో వెనక్కి తీయాలంటే నరకం. ముందు చక్రాలు ఒకవైపు తిరిగితే వెనకవి ఇంకోవైపు పోతాయి, గట్టు మీద ఆ విన్యాసాలు చేసే చోటు ఉండదు. దూరాల నుంచి గడ్డి కొని తెచ్చి అమ్మే వ్యాపారులకి నాలుగు చక్రాలది మంచిది, పొలంలోకి దిగి వచ్చే మాలాంటి వాళ్లకి రెండు చక్రాలదే. పొలం ఏమాత్రం తడిగా ఉన్నా పొడవు ట్రక్కు కుంగుతుంది, 7.50-16 టైర్లు వేసిన ట్రక్కు దిగబడిన చోట మాది బయటపడింది, టైరుకి పెట్టిన డబ్బు దండగ కాలేదు. మినుము చల్లిన పొలాల్లోకి మాత్రం ఏ టైరుతోనైనా వెళ్లకండి, మొలక మొత్తం నలిగిపోతుంది. గట్టు దగ్గరే ట్రక్కు ఆపి చుట్టల్ని దొర్లించుకుంటూ తెచ్చుకోండి, ఆ రైతు మళ్లీ ఏడాది కూడా మనకి గడ్డి ఇవ్వాలి కదా.

రెండు చక్రాల ట్రక్కులో ఒక సూత్రం ఉంది, తెలియకపోతే ప్రమాదం. బరువు ఇరుసుకి కొంచెం ముందు ఎక్కువ ఉండాలి. మొదటి సీజన్లో ఆశపడి వెనక డోరు గొలుసుల మీద పడుకోబెట్టి దాని మీద ఇంకో జత చొప్పున వరసలు పెంచాం. తారు రోడ్డు మీద బాగానే ఉంది. కాలవ గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ వెనక చక్రాలు నేల మీద ఆనడం లేదన్నట్టు తిరగడం మొదలుపెట్టాయి, వెనక బరువుకి డ్రాబార్ (ట్రక్కుని ట్రాక్టర్‌కి తగిలించే ముందు భాగం) పైకి లేచి హుక్కుని ఎత్తుతోంది. అక్కడే ఆపి ఆ చుట్టలన్నీ దింపించాను. దింపేటప్పుడూ అంతే, ముందు భాగం ఖాళీ చేసి వెనకది ఉంచితే ట్రక్కు వెనక్కి ఒరుగుతుంది, ట్రాక్టర్ నుంచి విప్పిన ట్రక్కు అయితే ఒక్కసారిగా తిరగబడుతుంది. వెనక నుంచి ముందుకి దింపుకుంటూ రండి.

ఇప్పుడు ఎత్తు సంగతి. నాకు ఈ ట్రక్కు వల్ల వచ్చిన పెద్ద భయం ఇక్కడే. మొదటి సీజన్లో నాలుగో రోజు, చీకటి పడే వేళ, ఐదు వరసలు వేసి డొంకలో వస్తున్నాం. నేను వెనకే బండి మీద ఉన్నాను. డ్రైవర్ ఉన్నట్టుండి ఆపేశాడు. "అన్నా, పైకి చూడన్నా" అన్నాడు. చూస్తే మోటార్లకి వెళ్లే లైను, రెండు స్తంభాల మధ్య వేలాడుతోంది. పై వరసలో ఒక చుట్ట నుంచి బయటికి వచ్చిన గడ్డిపోచలు గాలికి ఊగుతున్నాయి, వాటికీ తీగకీ మధ్య జానెడు కూడా లేదు. ఎవ్వరం గట్టిగా మాట్లాడలేదు. వచ్చిన దారినే అంగుళం అంగుళం వెనక్కి తీశాడు, అర కిలోమీటరు వెనక్కి, చీకట్లో, నేను టార్చి పట్టుకుని నడుస్తూ. ప్రతి కోతల సీజన్లో గడ్డి ట్రాక్టర్ తీగలు తగిలి కాలిపోయిందని పేపర్లో చదువుతుంటాం, అది ఎలా జరుగుతుందో ఆ రోజు నాకు అర్థమైంది.

లెక్క ఇది. పళ్లెం నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తు. గుంటల్లో కూర్చున్న వరస ఒక్కోటి అడుగూ ముప్పావు పెంచుతుంది. నాలుగు వరసలకి 11 అడుగుల లోపు, ఐదు వరసలకి పన్నెండున్నర. ఆ మర్నాడు ఎండు వెదురు గడ ఒకటి పన్నెండున్నర అడుగులకి కోసి మా డ్రైవర్, నేనూ దారులన్నీ నడిచి, తీగలకి దూరంగా నిలబడి కంటితో పోల్చుకుంటూ ఏ డొంకలో ఎన్ని వరసలు అన్నది రాసుకున్నాం. డొంకలన్నిటికీ నాలుగే, తారు రోడ్డు దారికి మాత్రం ఐదు. గడ తీగకి తాకించి కొలవద్దు, ఎంత ఎండినదైనా సరే. తీగ మరీ కిందికి వేలాడుతుంటే లైన్‌మన్‌కి చెప్పి బిగించమని అడగడమే మార్గం, మా ఊళ్లో రెండు చోట్ల అలా బిగించారు. అలాగే జాకీ ఎత్తి గడ్డి గుమ్మరించే చోట పైన తీగ ఉందేమో చూడకుండా లివర్ ముట్టుకోవద్దు, పళ్లెం లేస్తే ముందు నిచ్చెన కొస ఎంత ఎత్తుకి పోతుందో కింద నుంచి తెలియదు. ముందు వరసలు ట్రాక్టర్ సైలెన్సర్ మీదకి వాలకుండా చూసుకోవాలి, ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు.

జాకీ గురించి అడిగేవాళ్ల కోసం: గడ్డికి జాకీ తప్పనిసరి కాదు, చుట్టలు చేత్తో దింపితేనే వామి దగ్గర వరసగా పేర్చుకోవచ్చు. వాన ముంచుకొస్తున్న రోజు మాత్రం ఒక్కసారి గుమ్మరించి పట్టా కప్పేశాం, ఆ రోజు దాని విలువ తెలిసింది. వడ్లకీ పేడకీ కూడా వాడతాం కాబట్టి మాకు గిట్టుబాటైంది.

ఇక దీన్ని చేసిన షెడ్డు మీద నా ఫిర్యాదు. పేరు రాయను. డ్రాబార్ రెండు చానళ్లు ముందు కొసలో కలిసే చోట వెల్డింగు రెండో నెలలోనే చిట్లింది. ముందు రంగు మీద వెంట్రుకంత గీత కనిపించింది, గీకినట్టుంది అనుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆ గీతలోంచి ఎర్రటి తుప్పు కారింది, అప్పుడు తడిమి చూస్తే వేలికి అంచు తగిలింది. అది రోడ్డు మీద ఊడి ఉంటే ఏమయ్యేదో రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. తీసుకెళ్తే మేస్త్రీ, "మీరు లోడు ఎక్కువ వేసుంటారు" అన్నాడు. వెయ్యి కిలోల గడ్డికి నాలుగు టన్నుల ట్రక్కు చిట్లుతుందా అని అడిగితే జవాబు లేదు. మూడు సార్లు తిరిగాక కింద పట్టీ వేసి మళ్లీ వెల్డింగు చేశారు, రానూపోనూ డీజిలు నాదే. ఇప్పుడు గట్టిగానే ఉంది, కానీ కొత్తగా కొనేవాళ్లు ఆ జాయింటు కింద పట్టీ వేసి ఉందా లేదా అని పడుకుని మరీ చూడండి, రంగు వేయకముందే చూస్తామని చెప్పండి. కమాన్ పట్టీలు, ఇరుసు, జాకీ మాత్రం రెండు సీజన్లలో ఒక్క ఇబ్బంది పెట్టలేదు, అది కూడా చెప్పాలి.

తోలడం గురించి. ఈ ట్రక్కుకి బ్రేకు లేదు, మన ఊళ్లలో తిరిగే చాలా ట్రక్కులకి ఉండదు. గట్టు దిగేటప్పుడు ట్రక్కు ట్రాక్టర్‌ని నెడుతుంది. పొలంలో మలుపుల కోసం విడదీసిన రెండు బ్రేకు పెడళ్లని రోడ్డెక్కే ముందు కలిపి లాక్ వేయాలి, లేకపోతే ఒక్క చక్రానికే బ్రేకు పడి బండి అడ్డం తిరుగుతుంది. దిగుడులో చిన్న గేరు, న్యూట్రల్ అస్సలు వద్దు. తాళ్లు ఎంత బిగించినా మొదటి కిలోమీటరుకే గడ్డి అణిగి వదులవుతాయి, ఆగి మళ్లీ బిగించాలి. మేము నైలాన్ తాడు మానేసి లారీలకి వాడే బెల్టులు తీసుకున్నాం, ముందు నిచ్చెన నుంచి వెనక నిచ్చెనకి పొడవుగా రెండు, అడ్డంగా మూడు. పక్క డోర్లకి కొక్కేలు ముందే వేయించుకోండి. చుట్టని దారం పట్టుకుని లాగొద్దు, జనపనార దారం తెగితే చుట్ట విడిపోతుంది, ఇనప కొక్కెం గుచ్చి ఎత్తడం అలవాటు చేసుకోండి. లోడు పైన మనుషులు కూర్చోవడం మాత్రం మా దగ్గర పూర్తిగా ఆపేశాం. కూలీలకి వేరే ఆటో మాట్లాడాం, రోజుకి 300 ఎక్కువైంది, కానివ్వండి.

రాత్రిపూట గడ్డి ట్రక్కు వెనక నుంచి కనిపించదు, చీకట్లో గడ్డిది చీకటి రంగే. వెనక నిచ్చెన రెండు కాళ్లకి పై నుంచి కింద దాకా ఎర్ర రేడియం స్టిక్కరు అంటించాం, ట్రాక్టర్ నుంచి వైరు లాగి రెండు లైట్లు పెట్టాం. మొత్తం కలిపి 900 కూడా కాలేదు.

నిచ్చెనల కాళ్లు దిగే గొట్టాలకి అడుగున రంధ్రం లేదు, వానాకాలం నీళ్లు నిలిచి లోపల తుప్పు పట్టింది, పోయిన ఏడాది కాళ్లు ఊడబెరకడానికి ఇద్దరం సుత్తి పట్టాల్సి వచ్చింది. ఈసారి కోతలకి ముందు నాలుగు గొట్టాలకీ డ్రిల్లు పెట్టించి గ్రీజు పూయిస్తున్నాను. కొత్తగా చేయించుకునేవాళ్లు ఆ రంధ్రాలు షెడ్డులోనే వేయించుకోండి.